ఇంటి వ్యాపారమునకు ఒక గీటురాయి

పిల్లలు బడికి, ఇంటాయన పనికి వెళ్ళిన తరువాత మిగిలిన ఆరేడు గంటల కాలమును ఏమి చేయవలెనని ఆలోచించని తెలుగు ఇల్లాలు అమెరికాలో అరుదు. చదివిన చదువున్నది, బల్లపై కంప్యూటరున్నది, ఇంటికి ఇంటర్నెట్ ఉన్నది. ఇన్ని ఉండియు తనదంటూ ఒక సంపాదన లేదన్న వెలితి చాలామందిని లోలోపల బాధించుచునే యున్నది. నడివయస్సులో ఉద్యోగము పోగొట్టుకొన్నవారికి, పదవీ విరమణ చేసినవారికి కూడ ఈ ఆలోచన తప్పదు. ఇంటినుండియే చేసికొనదగిన చిన్న వ్యాపారమేదైన ఉన్న బాగుండునని కోరుకొనుటలో దోషమేమియు లేదు. అది అత్యాశ కాదు, ఆత్మగౌరవమునకు సంబంధించిన విషయము.

అయితే ఈ కోరికను కనిపెట్టియే గాలము వేయువారు కొందరున్నారు. "ఇంట కూర్చుండి వారమునకు వేయి డాలర్లు", "అనుభవము అక్కరలేదు", "నేడే చేరండి" అను ప్రకటనలు పూర్వము పత్రికల చివరి పేజీలలో వచ్చెడివి. కవరులలో కాగితములు పెట్టి పంపు పని యని డబ్బు గుంజినవారు ఆనాడే ఉండిరి. నేడవి చేతిలోని ఫోనులోనికి వచ్చినవి. గాలము మారినది కాని ఎర మారలేదు.

వైజ్ఞానిక విభాగములో వ్యాపార విషయమేమిటని పాఠకులు సందేహింపవచ్చును. నేను వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడను, వ్యాపారిని కాను. కాని ప్రయోగశాలలో మేము ప్రతిదినము ఉపయోగించు ఒక సాధారణ సూత్రము, నిజమైన వ్యాపారమును మోసమునుండి వేరుచేయుటకు చక్కగా పనికివచ్చును. కంసాలి నగను గీటురాయిమీద గీసి, ఆ గీతపై ఆమ్లపు చుక్క వేసి మేలిమి ఎంతో చెప్పును. అటువంటి గీటురాయినొకదానిని మీ చేతికందించుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

తక్కెడ చెప్పెడి మాట

పద్దెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజే రసాయన చర్యలను తక్కెడతో తూచి చూచెను. మూసిన పాత్రలో చర్యకు ముందున్న పదార్థముల మొత్తము బరువు, చర్య తరువాత ఉన్నవాని మొత్తము బరువు సమానముగనే ఉన్నవి. దీనినే పదార్థ నిత్యత్వ సూత్రమందుము. ఎవరైన నాయొద్దకు వచ్చి, పది గ్రాముల ముడిసరుకునుండి యాభై గ్రాముల మందు తయారైనదని చెప్పినచో నేను వారి సిద్ధాంతమును వినను. మిగిలిన నలువది గ్రాములు ఎక్కడనుండి వచ్చినవని మాత్రమే అడుగుదును.

డబ్బుకు కూడ, ఒక పథకము వరకు, ఇదే లెక్క వర్తించును. ఆ పథకమునుండి అందరును కలసి బయటకు తీసికొను మొత్తము, బయటినుండి లోపలికి వచ్చిన మొత్తమును మించజాలదు. కావున అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ డబ్బు ఎవరి జేబులోనుండి వచ్చుచున్నది? వారెందుకు ఇచ్చుచున్నారు? వస్తువును వాడుకొనుటకు కొన్న అపరిచితుని జేబులోనుండి వచ్చినచో అది వ్యాపారము. చేరినవారి జేబులలోనుండి, అనగా మీ జేబులోనుండియే వచ్చినచో దానికి వ్యాపారమన్న పేరు తగదు.

బోస్టన్ నగరపు కూపనులు

ఈ తూకమునకు 1920 నాటి బోస్టన్ కథ మంచి దృష్టాంతము. ఛార్లెస్ పాంజీ అను నతడు తనకు డబ్బు ఇచ్చినవారికి 45 దినములలో నూటికి యాభై లాభము కలిపి తిరిగి ఇత్తునని ప్రకటించెను. నూరు డాలర్లను అట్లు మరల మరల త్రిప్పినచో సంవత్సరాంతమునకు సుమారు 2,560 డాలర్లు కావలెను! ఇంత లాభమెట్లు సాధ్యమని అడిగినవారికి అతడు అంతర్జాతీయ తపాలా కూపనుల పేరు చెప్పెడివాడు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత కొన్ని దేశముల నాణెముల విలువ పడిపోయినందున, అచ్చట చౌకగా కూపనులు కొని అమెరికాలో వానిని తపాలా బిళ్ళలుగా మార్చినచో కొంత లాభము మిగులుట వాస్తవమే. మోసమునకెప్పుడును ఇట్టి చిన్న సత్యమొకటి పునాదిగా ఉండును.

ఆర్థిక పత్రికా రచయిత క్లారెన్స్ బారన్ పాంజీ మాటలను ఖండింపబూనలేదు, కూపనులను లెక్కించెను. పాంజీ చెప్పిన వ్యాపారము నిజమైనచో ప్రపంచములో 16 కోట్ల కూపనులు చెలామణిలో ఉండవలెను. వాస్తవమునకు ఉన్నవి సుమారు 27 వేలు మాత్రమే. పాతవారికిచ్చు లాభము క్రొత్తవారు తెచ్చిన సొమ్మే యని తేలిపోయినది. ఆ సంవత్సరము ఆగస్టులో పాంజీ అరెస్టయ్యెను. ఈ మోసమును బయటపెట్టిన బోస్టన్ పోస్ట్ పత్రికకు 1921లో పులిట్జర్ బహుమతి లభించినది. నూరేండ్లు గడచినవి. కూపనుల స్థానములో క్రిప్టో నాణెములు వచ్చినవి, బంగారము వచ్చినది, విదేశీ మారకము వచ్చినది. తూకము తప్పుట మాత్రము అట్లే ఉన్నది.

ఆరుగురు, ముప్పది ఆరుగురు

మన తెలుగువారి విందులలో, పుట్టినరోజు పండుగలలో ఎక్కువగా వినవచ్చునది గొలుసు పథకము. "మీరు ఆరుగురిని చేర్పించండి, వారొక్కొక్కరు మరి ఆరుగురిని చేర్పింతురు, తరువాత మీరు కూర్చుండి తినవచ్చును" అని చెప్పుదురు. ఇచ్చట ఘాతాంక వృద్ధి అను గణిత సత్యము దాగియున్నది. అణు విస్ఫోటములో జరుగు శృంఖలా చర్యయు ఇట్టిదే. ఆరు, ముప్పది ఆరు, రెండువందల పదహారు అని లెక్కించుచు పోయినచో పదునొకండవ మెట్టులో 36,27,97,056 మంది కావలెను. 2020 జనాభా లెక్కల ప్రకారము అమెరికా మొత్తము జనాభా సుమారు 33 కోట్ల 14 లక్షలు. పదమూడవ మెట్టునకు 1,306 కోట్లమంది కావలెను. భూమి మీద అంతమంది మనుష్యులు లేరు.

ఇంకొక విషయము ఇంతకంటె ముఖ్యమైనది. ఈ గొలుసు ఏ మెట్టులో తెగినను, చేరినవారిలో నూటికి సుమారు 83 మంది చివరి వరుసలోనే ఉందురు. వారి క్రింద ఎవరును ఉండరు. ఇది ఎవరి అసమర్థత వలనను జరుగునది కాదు. ఆ పథకపు ఆకారమే అట్టిది. "నీవు సరిగా కష్టపడలేదు" అని పైవారు నిందించినపుడు ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను.

సభ్యులద్వారా సరుకులమ్ము సంస్థలన్నియు మోసములు కావు. అమెరికాలో 1975 నాటి కాస్కాట్ తీర్పు ఈ భేదమును స్పష్టముగా చెప్పినది. ప్రతిఫలము వస్తువును చివరికి వాడుకొనువారికి అమ్మినందుకు గాక, మనుష్యులను చేర్చినందుకు వచ్చినచో అది చట్టవిరుద్ధమైన పిరమిడ్. భారతదేశములోను 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకముల నిషేధ చట్టము ఇట్టివానిని నిషేధించినది. కావున మిమ్ములనెవరైన సమావేశమునకు పిలిచినపుడు ఒకే ప్రశ్న అడుగుడు: "క్రొత్తవారెవరును చేరకుండ, కేవలము సరుకు అమ్మకము మీద మీకు పోయిన నెల ఎంత మిగిలినది?" సూటియైన సమాధానము రానిచో కాఫీ త్రాగి మర్యాదగా ఇంటికి రావచ్చును.

మన చిట్టీపాటను దీనితో పోల్చి చూడుడు. ఇరువదిమంది నెలకు నూరు డాలర్ల చొప్పున ఇరువది నెలలు కట్టిన లోపలికి వచ్చినది 40,000. పాటదారులకు, తగ్గింపు పంపకములకు, నిర్వాహకుని కమిషనుకు పోయినది కూడ 40,000. తూకము సరిపోయినది. చిట్టీలో మోసగించువారు లేరని కాదు. అచ్చట మోసపోయినచో అది మనిషి దోషము, గొలుసు పథకములో అది లెక్క దోషము. నిర్వాహకుడు ఎంత మంచివాడైనను ఆ లెక్క సరిపడదు.

ఖాతాలో కనిపించిన సొమ్ము

నాకు తెలిసిన ఒక కుటుంబములో జరిగిన విషయమిది. ఆమె ఎమ్.ఎస్సీ. చదివినది. పని అనుమతి పత్రము వచ్చిన నెలలోనే ఇంటినుండి చేయు డేటా ఎంట్రీ ఉద్యోగము దొరికినది. ముఖాముఖి లేదు, ఫోనులో సందేశములద్వారానే ఎంపిక జరిగినది. కంప్యూటరు, ప్రింటరు కొనుటకని కంపెనీ పేర 2,850 డాలర్ల చెక్కు వచ్చినది. దానిని ఖాతాలో వేసి, 2,400 డాలర్లను తాము చెప్పిన సరఫరాదారునకు వెంటనే పంపుమనిరి. రెండవ దినముననే ఖాతాలో సొమ్ము కనిపించినది, ఆమె పంపినది. తొమ్మిదవ దినమున చెక్కు నకిలీదని తిరిగి వచ్చినది. బ్యాంకు 2,850 డాలర్లను ఆమె ఖాతానుండి తీసివేసినది. పంపిన 2,400 వెనుకకు రాలేదు.

"బ్యాంకువాళ్ళే డబ్బు వచ్చిందని చూపించారు కదండీ అన్నయ్యగారూ, ఇంక నేనెలా అనుమానిస్తాను?" అని ఆమె అడిగినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇచ్చటనే ఒక సూక్ష్మము కలదు. చెక్కు వేసిన కొద్ది దినములలో ఆ సొమ్మును ఖాతాదారు వాడుకొననీయవలెనని అమెరికా చట్టము బ్యాంకులను నిర్బంధించుచున్నది. అనగా సొమ్ము అందుబాటులోనికి వచ్చుట వేరు, చెక్కు నిజముగా చెల్లుట వేరు. నకిలీ చెక్కు బయటపడుటకు వారములు పట్టవచ్చును. రసాయన శాస్త్రములో కొన్ని చర్యలు పూర్తియైనట్లు కనబడును కాని అవి ఉత్క్రమణీయములు, వెనుకకు మరలగలవు. చెక్కు అట్టిది. మీరు పంపిన సొమ్ము మాత్రము వెనుకకు మరలదు. ఈ రెండింటి నడుమనున్న వ్యవధియే మోసగాని పెట్టుబడి.

దీనినుండి వచ్చు నియమము ఒక్కటే. పని ఇచ్చువారు మీకు సొమ్ము పంపి, అందులో కొంత మరియొకరికి పంపుమని చెప్పినచో అది మోసము. దీనికి మినహాయింపు లేదు. నిజమైన యజమాని తన సరఫరాదారునకు తానే చెల్లించును. అట్లే ఉద్యోగమునకు ముందు శిక్షణ రుసుము, సాఫ్ట్‌వేర్ రుసుము అడుగువారిని, గిఫ్ట్ కార్డుల అంకెలు చదివి చెప్పుమనువారిని, క్రిప్టో నాణెములలో కట్టుమనువారిని దూరముగా ఉంచవలెను. జీతమనునది యజమాని ఇవ్వవలసినది.

పెట్టెలు, బొత్తములు

మరియొక మోసము ఇంతకంటె అపాయకరమైనది. మీ ఇంటికి పార్సెళ్ళు వచ్చును, వాని మీది చీటీ మార్చి విదేశమునకు పంపవలెను, దానికి జీతమిత్తుమందురు. ఆ వస్తువులు తరచుగా దొంగిలించిన క్రెడిట్ కార్డులతో కొన్నవి. నెలాఖరుకు జీతము రాదు. పోలీసులు, తపాలా తనిఖీ అధికారులు మాత్రము రావచ్చును, ఏలయన పెట్టెల మీద ఉన్నది మీ చిరునామా. మీ బ్యాంకు ఖాతాలోనికి సొమ్ము రప్పించి వేరొకచోటికి పంపుమనుట కూడ ఇట్టిదే. తెలిసి చేసినచో నేరము. మొదట తెలియక చేసినను, అనుమానము కలిగిన తరువాత కొనసాగించినచో రక్షణ ఉండదు. వీసా మీదనున్న కుటుంబమునకు దీని ఫలితము డబ్బు నష్టముతో ఆగదు, ఈ దేశములో ఉండు అర్హతకే ముప్పు రావచ్చును.

ఇటీవలి కాలములో "టాస్క్" పేరుతో ఇంకొక మాయ బయలుదేరినది. ఫోనుకు సందేశము వచ్చును. ఒక యాప్‌లో వస్తువులకు మెచ్చుకోలు గుర్తులు నొక్కుటయే పని. మొదట పది, ఇరువది డాలర్లు నిజముగనే చేతికిత్తురు. తరువాత తెర మీద మీ సంపాదన వందలు, వేలు దాటుచు కనబడును. దానిని తీసికొనుటకు ముందుగా మీరు కొంత క్రిప్టోలో కట్టవలెనందురు. కట్టిన కొలది కట్టవలసినది పెరుగును. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారము ఇట్టి ఫిర్యాదులు 2020లో లేనేలేవు. 2023లో సుమారు 5 వేలు, 2024 మొదటి ఆరు నెలలలోనే సుమారు 20 వేలు వచ్చినవి. అన్ని రకముల ఉద్యోగ మోసములు కలిపి ఆ ఆరు నెలలలో ప్రజలు పోగొట్టుకొంటిమని తెలిపిన సొమ్ము 22 కోట్ల డాలర్లకు పైమాట. తక్కెడ మీద పెట్టి చూచిన ఇది తేలికగనే తెలియును. గుర్తులు నొక్కినందుకు డబ్బు ఇచ్చెడి అపరిచితుడెవడు? అతనికి దానివలన కలుగు ప్రయోజనమేమి? సమాధానము లేదు కనుక సొమ్మును లేదు.

నిజమైన వ్యాపారము ఎట్లుండును?

మోసములను గూర్చి మాత్రమే చెప్పి ఊరకున్న అది అన్యాయమగును. ఇంటినుండి చేయదగిన మంచి పనులు ఎన్నో కలవు. గణితము, సంగీతము, తెలుగు నేర్పుట, చిన్న సంస్థల జమాఖర్చులు వ్రాయుట, కుట్టుపని, అనువాదము, పిండివంటలు ఇట్టివి. ఇంటర్నెట్ ద్వారా వీనికి ఖాతాదారులు దొరకుదురు. వీని లక్షణమేమనగా అంకెలు చిన్నవిగా, నీరసముగా ఉండును. ఆ నీరసమే మేలిమికి గుర్తు.

ఉదాహరణకు కందిపొడి అమ్ము ఒక ఇల్లాలి లెక్క చూతము. ఈ అంకెలు నేను ఊహించినవి, మీ అంకెలు వేసి చూచుకొనుడు. పొట్లము వెల 10 డాలర్లు. సరుకులకు 2.50, సంచికి చీటీకి 0.75, కార్డు రుసుము నూటికి 2.9, పైన 30 సెంట్లు కలిపి 0.59, ఊరిలో అందించుటకు పెట్రోలు 1.00. మిగిలినది 5.16. నెలకు నలుబది పొట్లములకు 206.40. అందులో అనుమతి, భీమా, వెబ్ పుట వగైరాలకు నెలకు 50 తీసివేసిన 156.40 మిగులును. సొంత పని మీద వచ్చు నికరాదాయము సంవత్సరమునకు 400 డాలర్లు దాటినచో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను నూటికి 15.3 వంతున, ఆదాయములో 92.35 శాతము మీద కట్టవలెను. అది నెలకు 22.10. చివరకు మిగిలినది 134.30. ఆదాయపు పన్ను ఇంకను వేరు. వేయించుట, దంచుట, పొట్లము కట్టుట, అందించుట కలిసి 16 గంటలు పట్టినచో గంటకు 8.39 డాలర్లు వచ్చినట్లు.

ఇది నిరుత్సాహపరచుటకు చెప్పుట లేదు. ఎనుబది పొట్లములు అమ్ముడుపోయి, చేయి తిరిగి 26 గంటలలోనే ముగిసినచో, పన్నుకు ముందు గంటకు సుమారు 13.95 అగును. రెండవ సంవత్సరమున ఇంకను మెరుగుపడవచ్చును. ఇట్టి లెక్క ఒకసారి స్వయముగా వేసికొన్నవారు, అనుభవము లేకున్నను నెలకు అయిదు వేలు వచ్చునన్న మాటను నమ్మజాలరు. కష్టించి నేర్చినవారికే గంటకు ఇంత వచ్చుచుండగా, ఏమియు రానివారికి అంత ఎవరిత్తురు?

తినుబండారములమ్ముటకు రసాయన శాస్త్రము కూడ కొంత తెలియవలెను. ఇంటి వంటలమ్మకమునకు ఇచ్చటి రాష్ట్రములన్నిట ఏదో ఒక చట్టము కలదు. అందరికంటె చివరగా న్యూజెర్సీ 2021లో అనుమతించినది. ఈ నియమములు రాష్ట్రమునకు రాష్ట్రమునకు వేరు. పొడులవంటి తేమలేని పదార్థములకు సాధారణముగా అనుమతి సులభము. పచ్చళ్ళ విషయమట్లు కాదు. బొటులిజమ్ కలిగించు సూక్ష్మజీవి గాలి తగులనిచోట పెరుగును. నూనె పైకి తేలుట దానికి అనుకూలము. ఆమ్లత్వపు కొలత, అనగా పి.హెచ్., 4.6 లేదా అంతకు తక్కువ ఉన్నచో అది పెరుగజాలదు. పుల్లని మామిడికాయ, ఉప్పు మన ఆవకాయను కాపాడుచున్నవి. కాని ఆమ్లము లేని వెల్లుల్లి నూనె సీసాలవలన జబ్బు వచ్చిన తరువాత, 1989లో అమెరికా ఆహార, ఔషధ శాఖ వానిలో ఆమ్లము కలిపి తీరవలెనని నిర్దేశించినది. అమ్మమ్మ చేతి కొలత ఇంటివారికి చాలును. అమ్మకమునకు మీటరుతో కొలిచిన పి.హెచ్. కావలెను. చాలాచోట్ల ఇంటి వంటను రాష్ట్రపు సరిహద్దు దాటించి పంపరాదన్న సంగతి కూడ గుర్తుంచుకొనవలెను.

చట్టము గీసిన గీతలు

వ్యాపారమునకు ముందు వీసా చూచుకొనవలెను. హెచ్-4 మీదనున్నవారు పని అనుమతి పత్రము లేనిదే సొంత వ్యాపారమైనను చేయరాదు. 2015 మే 26 నుండి, జీవిత భాగస్వామికి ఐ-140 ఆమోదమైన హెచ్-4 వారు మొదలగు కొందరు ఆ పత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. హెచ్-1బి ఉద్యోగి తన యజమాని పని తప్ప ప్రక్క వ్యాపారము నడుపరాదు. విద్యార్థులకు కూడ పరిమితులు కలవు. "ఇంటర్నెట్ మీద చేసిన ఎవరికి తెలియును?" అను సలహా ఇచ్చువాడు మీ హితుడు కాడు. సందేహమున్నచో వలస చట్టము తెలిసిన న్యాయవాదిని అడుగుట మేలు.

వ్యాపారావకాశమును మీకమ్మజూపువారికి కూడ నియమములున్నవి. 2012 మార్చి 1 నుండి అమలులోనున్న ఫెడరల్ నిబంధన ప్రకారము, వారు సొమ్ము తీసికొనుటకు గాని సంతకము చేయించుటకు గాని ఏడు దినములు ముందుగా ఒక పుట వివరపత్రమును మీ చేతికీయవలెను. అందులో వారెవరు, వారిపై కోర్టు వ్యవహారములేమి, సొమ్ము వాపసు ఇచ్చుట ఎట్లు, ఇంతకుముందు కొన్నవారెవరు అన్నవి ఉండవలెను. ఇంత సంపాదింతురని చెప్పినచో దానికి ఆధారము వేరుగా వ్రాసి ఇయ్యవలెను. సభ్యులను చేర్చుకొను గొలుసు సంస్థలలో చాలవాటిని ఈ నిబంధన పరిధిలోనికి తీసికొనలేదు. కావున వాని విషయములో మీ లెక్క మీరే వేసికొనవలెను. "ఈ రాత్రిలోగా కట్టవలెను" అని తొందరపెట్టువారికి ఏడు దినములు ఆగుదుమని చెప్పి చూడుడు. నిజమైన వ్యాపారము ఆగును.

నష్టపోయినచో

నష్టము తెలిసిన గంటలోనే బ్యాంకునకు ఫోను చేయవలెను. పంపిన సొమ్మును ఆపుటకు అవకాశము గంటలలోనే ఉండును. సోషల్ సెక్యూరిటీ అంకె ఇచ్చియున్నచో ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అను మూడు సంస్థలలోను మీ పేర అప్పు పుట్టకుండ స్తంభింపజేయవలెను. 2018 సెప్టెంబరు నుండి దీనికి రుసుము లేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషనుకు, ఎఫ్‌బీఐ వారి ఐసీ3 విభాగమునకు ఫిర్యాదు వ్రాయవలెను. పార్సెళ్ళ విషయమైనచో తపాలా తనిఖీ శాఖకు తెలుపవలెను. సందేశములను చెరిపివేయక దాచుకొనవలెను. "మీ సొమ్ము రాబట్టి ఇత్తుము, కొంత రుసుము కట్టుడు" అని తరువాత వచ్చువారు రెండవసారి దోచుటకు వచ్చినవారు.

పైన చెప్పిన సోదరి డబ్బు పోయిన సంగతిని రెండు నెలలు భర్తకు కూడ చెప్పలేదు. ఎవరింటనో విందులో "చదువుకున్నవాళ్ళు కూడా ఇలా టోపీ వేయించుకుంటారా!" అని నవ్విన మాట ఆమె చెవిన బడినది. ఆమెకు కలిగిన నష్టములో 2,400 డాలర్లు చిన్న భాగము. ఆమె మౌనముగా ఉన్న ఆ రెండు నెలలలో అదే సందేశము మన ఊరిలో ఇంకెంతమంది ఫోనులకు వచ్చినదో ఎవరు చెప్పగలరు? మోసపోయినవారు తెలివితక్కువవారు కారు. పని చేసి సంపాదింపవలెననుకొన్నవారు. సోమరులకు ఉద్యోగపు ఎర వేసి ప్రయోజనము లేదని మోసగానికి బాగుగా తెలియును.

కావున తెలుగు సంఘములకు నాదొక విన్నపము. పండుగ సభలలో గొలుసు పథకముల బల్లలకు చోటీయకుడు. "మనవాడే కదా" అన్న నమ్మకమే ఇట్టి పథకములకు ముడిసరుకు. దానికి బదులు సంవత్సరమునకొకసారి, ఇంటి వ్యాపారము నిజముగా నడుపుచున్న మన సోదరీమణులను వేదిక మీద కూర్చుండబెట్టి, వారి జమాఖర్చులను వారిచేతనే చెప్పించుడు. పొట్లమునకు అయిదు డాలర్లు మిగిలినదని ఒకామె చెప్పిన మాట, వారమునకు వేయి డాలర్లన్న ప్రకటనలు వేయింటికంటె మన పిల్లలకు ఎక్కువ నేర్పును. ఇంటిలో ఎవరికైన క్రొత్త అవకాశము కనబడినపుడు, సొమ్ము పంపుటకు ముందు ఇంకొక మనిషికి లెక్క చూపవలెనను నియమము పెట్టుకొనుడు. ప్రయోగశాలలో కూడ ఒకరు తూచినదానిని మరియొకరు తూచి చూతురు. అందులో అవమానమేమియు లేదు.